బావకీ బావమరిదికీ మధ్య గ్రైండింగ్ మిషన్

ఆ వీధిలో అందరూ ఆమెను అక్క అనే పిలిచేవాళ్లు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా అలాగే పిలిచేవాళ్లు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఎదురింటి చిన్నపిల్ల నోట మొదలైన పిలుపు అది. పాలు పోసే మనిషికి అంటుకుంది, ఇస్త్రీ బట్టలు తెచ్చే అతనికి అంటుకుంది. చివరికి ఒకసారి ఆమె మొగుడే పరధ్యానంలో "అక్కా, కాసిని మంచినీళ్లు" అనేశాడట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె కడుపు పట్టుకుని నవ్వేది. ఆయన మాత్రం తల వంచుకుని చెప్పులు వెతుక్కునేవాడు.

ముందువైపు రెండు గదుల ఇల్లు, వెనకవైపు రేకుల షెడ్డు. వంటింటి కిటికీ తెరిస్తే షెడ్డు తలుపు ఎదురుగా కనిపించేది. ఆ షెడ్డులో ఆయన రోలర్లు గ్రైండింగ్ చేసేవాడు. అచ్చాఫీసుల్లో, కాగితం మిల్లుల్లో, ప్లాస్టిక్ షీట్లు తీసే చోట బరువైన ఉక్కు రోలర్లు ఉంటాయి. వాడగా వాడగా వాటి ఒంటి మీద గీతలు పడతాయి, మధ్యలో అరిగి నడుము సన్నబడుతుంది. అలాంటివాటిని వ్యాన్లో తెచ్చి ఇక్కడ దించేవాళ్లు. ఆయన వాటిని పొడుగాటి మిషన్ మీదికి ఎక్కించేవాడు. ఒకవైపు రోలరు మెల్లగా తిరుగుతుంటే, రెండోవైపు నుంచి గిర్రున తిరిగే రాతి చక్రం వచ్చి ఆనుతుంది. ఆ చక్రాన్ని వాళ్లు వీల్ అంటారు. పైనుంచి చల్లార్చడానికి కూలెంటు, అంటే పాలలా తెల్లగా ఉండే నీళ్లు, ధారగా పడుతూ ఉంటుంది. వెంట్రుక మందం కూడా లేని పొరలు ఒక్కొక్కటే తీసుకుంటూ పోతే, చివరికి ఆ రోలర్లో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు.

ఆయన మెతక మనిషి. ఎవరేం చెప్పినా తలూపేవాడు. విని ఊపాడో వినకుండా ఊపాడో కన్నతల్లికి కూడా తెలిసేది కాదు.

అక్కకి ఒక్కడే తమ్ముడు. రెండు వీధులవతల ఉండేవాడు. ఊళ్లో ఎక్కడ గ్రైండింగ్ మిషన్ మొరాయించినా అతనే వెళ్లాలి. స్కూటరు ముందు పనిముట్ల సంచి, చెవి సందున పెన్సిలు, ముక్కు మీద కోపం. పనిలో మాత్రం బంగారం. బావ మిషన్ను కొన్నప్పటి నుంచీ తనే చూసుకున్నాడు గనక అది తన సొంత మిషన్లా అనుకునేవాడు. బావ కూడా ఎప్పుడూ కాదనలేదు.

అలాంటి వాళ్లిద్దరికీ ఒక బేరింగు దగ్గర చెడింది.

వీల్‌ని తిప్పే ఇరుసును స్పిండిల్ అంటారు. దానికి కొత్త బేరింగులు వేశాడు తమ్ముడు. వేసి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "బావా, వెంటనే పని ఎక్కించకండి. ఇవాళంతా ఉత్తినే తిరగనివ్వండి. కాసేపు తిప్పి ఆపండి, చల్లారాక మళ్లీ తిప్పండి. కొత్త బేరింగు, కుదురుకోవాలి." బయట వంటింటి కిటికీ కింద గాలి కొట్టే కంప్రెసరు డుగ్‌డుగ్‌మని మోగుతోంది. బావ తలూపాడు. తమ్ముడు సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నం అచ్చాఫీసు వాళ్లు అర్జెంటని రోలరు తెస్తే బావ ఎక్కించేశాడు. సాయంత్రానికి షెడ్డంతా మాడు వాసన. విప్పి చూస్తే బేరింగులు కాలి నల్లబడ్డాయి.

"చెప్పాను కదా బావా!"

"ఎప్పుడు చెప్పావు?"

"మీరు తలూపారు కూడా."

"నేను అన్నిటికీ ఊపుతాను. అది నీకు తెలియదా?"

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

"అంటే నేను చెవిటివాణ్ణా?"

మెతక మనిషికి కోపం వస్తే త్వరగా పోదు. ముక్కు మీద కోపం ఉన్నవాడికి ఎదుటివాడు బతిమాలితే గానీ దిగదు. ఇద్దరూ చెరో వైపుకి తిరిగారు. అక్క ఇద్దరికీ సర్దిచెప్పబోయింది. తమ్ముడు చెప్పడం తను విన్నాననీ, మోతలో ఆయనకి వినపడలేదనీ అప్పుడే చెప్పింది. ఆ వేడిలో ఎవరి చెవికీ ఎక్కలేదు.

చిక్కేమిటంటే, ఆ మిషన్ మీద చెయ్యి వేయగలిగే ఫిట్టరు ఊళ్లో ఇంకొకడు లేడు. తమ్ముడికి కూడా ఆ మిషన్ను ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసొప్పదు. పైగా ఇద్దరికీ అక్క అంటే ప్రాణం. కాబట్టి తమ్ముడు వస్తూనే ఉన్నాడు, బావ పిలిపిస్తూనే ఉన్నాడు. మాటలు మాత్రం అక్క మీదుగా నడిచేవి. ముగ్గురూ ఒకరికొకరు చేతికందేంత దూరంలో నిలబడి మాట్లాడుకునేవాళ్లు.

"అక్కా, ఈ బెల్టులు ఎప్పుడు మార్చారో అడుగు."

అక్క మొగుడి వైపు తిరిగేది. "బెల్టులు ఎప్పుడు మార్చారు?"

"మొన్న వానాకాలంలో అని చెప్పు."

"మొన్న వానాకాలంలోట."

"అన్నీ కలిపి మార్చారా, తెగినదొక్కటే మార్చారా?"

"తెగినదొక్కటే. మిగతావి బాగానే ఉన్నాయిగా, అని చెప్పు."

"అంత బాగుంటే నన్నెందుకు పిలిచారో అడుగు."

అక్క మొగుడి వైపు తిరిగి, "అన్నీ ఒకేసారి మారిస్తే మంచిదంటున్నాడు" అని చేరవేసేది. కొత్త బెల్టు బిగువుగానూ పాతవి వదులుగానూ ఉంటే బరువంతా కొత్తదాని మీదే పడుతుందని, అందుకే మిషన్ అదురుతోందని తమ్ముడు అటు తిరిగి గొణిగేవాడు. అది కూడా అక్కే మోసేది.

ఇలా కొన్నేళ్లు గడిచాయి. ఆడబిడ్డల ఇళ్లలో పెళ్లిళ్లు జరిగాయి, అక్క కూతురు కాలేజీలో చేరింది, తమ్ముడికి కొడుకు పుట్టాడు. ఫోటోల్లో వాళ్లిద్దరూ ఎప్పుడూ రెండు చివర్లలో ఉంటారు.

మొదట్లో అక్క మాటల్ని తనకి తోచినట్టు చేరవేసేది. ఒకసారి మొగుడు "కీచుమంటోంది" అంటే, "ఏదో శబ్దం వస్తోందట" అని చెప్పింది. తమ్ముడు స్పిండిల్ అంతా విప్పి, పూటంతా చెమటోడ్చి చూశాడు. అందులో ఏమీ లేదు. తీరా చూస్తే బెల్టు జారుతూ కీచుమంటోంది. "కీచుమంటోందని ముందే చెబితే అటు చూసేవాణ్ణి కదక్కా" అన్నాడు. అప్పటినుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. మిషన్ సంగతి అయితే అక్షరం పొల్లుపోకుండా చెప్పడం, మనుషుల కోపతాపాల సంగతి అయితే చక్కెర కలిపి చెప్పడం.

పొల్లుపోకుండా చెప్పాలంటే ముందు తనకి అర్థం కావాలి. అందుకని తమ్ముడు అడగబోయే ప్రశ్నలు తనే ముందు అడిగి ఉంచుకునేది. గుర్రుమంటోందా, కీచుమంటోందా? స్టార్ట్ చేసినప్పుడా, వేడెక్కాకా? చెయ్యి పెడితే కాలుతోందా, వెచ్చగా ఉందా? తమ్ముడు స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటుంటే, "నన్నూ విననీ" అని తీసుకునేది. మంచి బేరింగు లోపల దూరంగా వాన కురుస్తున్నట్టు ఉంటుందనీ, చెడినది గులకరాళ్లు నములుతున్నట్టు ఉంటుందనీ ఆమెకి అలాగే తెలిసింది. కొత్త వీల్ వస్తే దాన్ని వేలాడదీసి చెక్కపిడితో తట్టి చూడాలి. బాగుంటే కంచులా ఖంగుమంటుంది. లోపల చీలి ఉంటే పగిలిన కుండ తట్టినట్టు ఉంటుంది. కూలెంటు పాతబడితే వాసనే చెబుతుంది. ఇవన్నీ పొయ్యి మీద గిన్నె పెట్టి వచ్చి, పొంగేలోపు వెనక్కి పరిగెత్తే తీరికలో నేర్చుకుంది.

ఒక వేసవిలో కాగితం మిల్లు నుంచి పొడుగాటి రోలరు ఒకటి వచ్చింది. ఆయన శ్రద్ధగా చేసి, నిగనిగలాడించి పంపాడు. మర్నాడే మిల్లు సూపర్‌వైజరు దాన్ని వెనక్కి తెచ్చాడు. "ఏటవాలుగా వెలుతురు పడేలా పెట్టి చూడండి" అన్నాడు. చూస్తే ఉక్కు మీద సన్నటి అలలు. వేలికి తగలవు, కంటికి కనిపిస్తాయి. కాగితం మీద ఆ అలలన్నీ అచ్చు దిగుతున్నాయట.

ఆయన మళ్లీ చేశాడు. మళ్లీ అలలు వచ్చాయి. గ్రైండింగ్ చేసినప్పుడల్లా రోలరు ఇంకాస్త సన్నబడుతుంది. ఇంతకంటే సన్నబడితే మా మిషన్లో కూర్చోదని సూపర్‌వైజరు ఒక కొలత చెప్పి వెళ్లాడు. ఆయన కొలిచి చూసి తల పట్టుకున్నాడు. ఇంకొక్కసారికి మించి వీలు లేదు. ఆ ఒక్కసారీ చెడిపోతే అంత పెద్ద రోలరూ పాత ఇనుప సామాన్ల కొట్టుకే.

తమ్ముడికి కబురు వెళ్లింది. అతను వచ్చి వీల్‌ని విప్పాడు. ఒకవైపు బరువు ఎక్కువైతే అదురుతుందని, బరువు అన్నివైపులా సమంగా ఉండేలా సర్దాడు. వీల్ మొహాన్ని వజ్రపు మొనతో గీకి కొత్తగా చేశాడు. పొడుగు రోలరు మధ్యలో ఊగుతోందేమోనని కింద ఆసరా బిగించాడు. మూల పడి ఉన్న ఒక పనికిరాని పొడుగు రోలరు ఎక్కించి చూశారు. అలలు అలాగే ఉన్నాయి.

"బేరింగులే అయ్యుంటాయి" అన్నాడు బావ గోడకేసి చూస్తూ.

చేరవేయకుండానే అది తమ్ముడి చెవిన పడింది. "నేను వేసిన బేరింగుల జోలికొస్తే ఊరుకోనని చెప్పక్కా."

"ఒకసారి కాలినవి రెండోసారి కాలవా అని అడుగు."

"కాల్చిందెవరో అడుగు!"

అదే సమయానికి వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. అక్క వెళ్లి పొయ్యి ఆపి, మాడిన గిన్నెలో నీళ్లు పోసి, ఒక ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని తిరిగొచ్చింది. దాన్ని మిషన్ ముందు వేసుకుని కూర్చుంది.

"ఇక నేను మొయ్యను" అంది.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"ఇన్నాళ్లూ మోశాను, భుజాలు నొప్పెడుతున్నాయి. మీకు నోళ్లున్నాయి, చెవులున్నాయి. మాట్లాడుకుంటే మాట్లాడుకోండి. లేదంటారా, నోరు మూసుకుని నేను అడిగినదానికి జవాబు చెప్పండి."

తమ్ముడు స్పానరుతో తొడ మీద గోక్కుంటున్నాడు.

అక్క మొగుణ్ణి అడిగింది. "చిన్న రోలర్లకి ఈ గీతలు రావట్లేదు కదా?"

"రావట్లేదు."

"పొడుగుదానికి ఒంటినిండా వస్తున్నాయా?"

"లేదు. అక్కడక్కడా. రెండు జానలు శుభ్రంగా ఉంటుంది, తర్వాత బెత్తెడు మేర గీతలు. మళ్లీ శుభ్రంగా ఉంటుంది."

తమ్ముడి వైపు తిరిగింది. "బేరింగు పోతే ఇలా అక్కడక్కడా వస్తుందా?"

"రాదు. పోతే అంతటా వస్తుంది."

"వీల్ బాగోకపోతే?"

"అప్పుడూ అంతటానే..." అంటూ తమ్ముడు మధ్యలో ఆగిపోయాడు. స్పానరు కింద పెట్టాడు.

"అయితే కాసేపు వచ్చి కాసేపు పోయేది ఏదో ఉంది. చిన్న రోలరు పని అది వచ్చేలోపే అయిపోతోంది. పొడుగుదానికి సమయం పడుతుంది గనక దొరికిపోతోంది. ఏమిటది?"

బావకీ తెలియదు, తమ్ముడికీ తెలియదు. కానీ తమ్ముడి కళ్లలో ఏదో కదిలింది. "అక్కా, వెడల్పాటి పళ్లెం ఒకటి తెచ్చిపెట్టు. అంచుదాకా నీళ్లు పోసి."

ఆమె తెచ్చింది. తమ్ముడు దాన్ని మిషన్ బల్ల మీద పెట్టి, మిషన్ మొత్తం ఆపేశాడు. దాని మెయిన్ స్విచ్ కూడా తీసేశాడు. ముగ్గురూ పళ్లెం మీదికి వంగారు. నీళ్లలో రేకుల కప్పు కదలకుండా కనిపిస్తోంది. కాసేపు ఏమీ జరగలేదు. బావ తుమ్మబోయి ఆపుకున్నాడు.

వెనక మూలనుంచి కంప్రెసరు డుగ్‌డుగ్‌మని మొదలైంది. గాలి పైపులో ఎక్కడో చిన్న లీకు ఉంది, ట్యాంకులో ఒత్తిడి తగ్గినప్పుడల్లా అదంతట అదే అందుకుంటుంది. పళ్లెంలో నీళ్లు వణికాయి. ఒకదాని వెనక ఒకటి గుండ్రటి గీతలు పుట్టుకొచ్చాయి. కంప్రెసరు ఆగింది. నీళ్లు సర్దుకున్నాయి, రేకుల కప్పు మళ్లీ తేటగా కనిపించింది.

తమ్ముడు తల ఎత్తి బావ మొహంలోకి చూశాడు. "దీన్ని లోపలికి ఎప్పుడు తెచ్చారు?"

"ఈ మధ్యనే" అన్నాడు బావ.

"బయట వంటింటి కిటికీ కింద కదా ఉండేది?"

"మీ అక్క గోల పడలేక మార్చాను. చెవిలో జోరీగలా ఉంది, ఎక్కడికైనా తీసుకుపొమ్మంది."

ఇద్దరూ కలిసి అక్క వైపు తిరిగారు. ఆమె ఏదో అనబోయి, చేత్తో నోరు కప్పుకుంది. ముందు నవ్వింది బావే. ఆయన నవ్వు పెద్దగా ఉండదు, భుజాలు మాత్రమే కదులుతాయి. అది చూసి తమ్ముడికి ఆగలేదు.

"నేరుగా నేలకే బోల్టులు బిగించారా బావా?"

"బిగించాను."

"కింద రబ్బరు దిమ్మలు వెయ్యాలి కదా?"

"నువ్వు చెప్పలేదుగా."

తమ్ముడి ముక్కు ఎర్రబడింది. అక్క స్టూలు మీంచి లేచింది. "ఆగండి ఇద్దరూ. ఆ రోజు బేరింగుల సంగతి వీడు చెప్పాడు. తలుపు దగ్గర నిలబడి నేను విన్నాను. మీకు వినపడలేదు, అది కూడా నిజమే. చెప్పడం వీడి వంతు, వినడం మీ వంతు, ఆ రెండూ ఒకే క్షణంలో జరగలేదు. అప్పుడే చెప్పాను, వినలేదు. ఇప్పుడు మళ్లీ చెబుతున్నాను. చాలించండి."

బావ నేల చూశాడు. "మోతలో వినపడి ఉండదులే" అన్నాడు చివరికి.

"నేను కూడా కాగితం మీద రాసి ఇచ్చి ఉండాల్సింది" అన్నాడు తమ్ముడు. అతని నోట అది క్షమాపణ కిందే లెక్క.

ఆ సాయంత్రం ముగ్గురూ కలిసి కంప్రెసరుని మోసుకెళ్లి, షెడ్డుకి అవతలివైపు వేరే దిమ్మ మీద పెట్టారు. పొడుగు రోలర్ని ఎక్కించి, చివరి పొర తీశారు. వెలుతురు ఏటవాలుగా పడేలా పెట్టి, చివర నుంచి చివర దాకా ముగ్గురూ నడుస్తూ చూశారు. ఎక్కడా అల లేదు. కొలత కూడా సూపర్‌వైజరు చెప్పిన గీతకి ఇవతలే ఆగింది.

బావా బావమరిదీ కలిసిపోయారు. అక్క ప్రాణం కుదుటపడింది. మొదటి కొన్ని రోజులు హాయిగా, గిన్నె మాడకుండా వంట చేసుకుంది. ఆ తర్వాత ఒక వెలితి మొదలైంది. కిటికీలోంచి మాటలు వినపడేవి. "ఏదో శబ్దం వస్తోందిరా." "సరే బావా, చూస్తాను." ఏం శబ్దమో ఈయన చెప్పడు, వాడు అడగడు. గరిటె పట్టుకునే ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, "ఎలాంటి శబ్దం?" అని అరిచేది.

"నువ్వు రిటైరయ్యావక్కా!" అని తమ్ముడు నవ్వేవాడు.

ఆమె కూడా నవ్వేది. కానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. సర్దిన అలమరలే మళ్లీ సర్దింది. షెడ్డులోకి వెళ్లడానికి ఇదివరకు పిలుపు ఉండేది, ఇప్పుడు పిలవకుండా వెళ్తే చూడ్డానికి వచ్చినట్టుంటుంది. తనకి అంత ఇష్టమైన పని అదేనని, అది పోయాకే ఆమెకు తెలిసింది.

ఒక రోజు తమ్ముడు తన ఫోను అక్క ఇంట్లో చార్జింగుకి పెట్టి పనికి వెళ్లిపోయాడు. అది మోగింది. మోగి మోగి ఆగి మళ్లీ మోగింది. ఆమె ఎత్తింది. అవతల కత్తెరలు, కత్తులు సానపట్టే ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని. "ఫిట్టరు ఉన్నాడామ్మా? మిషన్ మీద పని పెడితే కాలిపోతోంది, నల్లగా మచ్చలు పడుతున్నాయి."

"కూలెంటు పడుతోందా అండీ?"

"పడుతోంది. కొంచెం సన్నగా."

"కొత్తగా ఏమైనా మార్చారా?"

"ఏమీ మార్చలేదమ్మా."

"బాగా ఆలోచించండి. నూనె, బెల్టు, వీల్, పనిచేసే మనిషి, ఏదైనా సరే. కడగడం, తుడవడం లాంటివి కూడా."

"ఆ... నిన్న ట్యాంకు కడిగించాను. శుభ్రంగా ఉంటుందని."

"కడిగినప్పుడు గుడ్డపీలికలు ఏమైనా లోపల వదిలేశారేమో, పంపు ఆపి దాని మూతి దగ్గర ఒకసారి చూడండి."

ఆయన ఫోను పెట్టకుండానే చూసొచ్చాడు. పంపు మూతికి అతుక్కుని ఒక పాత బనీను ముక్క ఉంది.

తమ్ముడు తిరిగొచ్చాక ఈ సంగతి విన్నాడు. స్కూటరు మీద అడ్డదిడ్డంగా ఊరంతా తిరగడం, వెళ్లాక తెచ్చిన సామాను పనికిరాదని తెలిసి మళ్లీ వెనక్కి రావడం అతనికి రోజూ ఉండేదే. మర్నాడు పొద్దున్నే వచ్చి ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉండనీ అక్కా. వాళ్లని నువ్వే అడుగు. నేను కొత్తది కొనుక్కుంటాను, నువ్వు నాకు చెయ్యి."

అలా ఆమె పని తిరిగొచ్చింది. వంటింటి గట్టు మీద ఫోను పెట్టుకుని, కూరలు తరుగుతూ మిషన్ల బాగోగులు విచారించేది. సగం రోగాలు ఫోన్లోనే తేలిపోయేవి. మిగతా సగానికి తమ్ముడు సరైన సామాను పట్టుకుని ఒకేసారి వెళ్లేవాడు. మగవాళ్లు కొందరు మొదట్లో "ఫిట్టరుకి ఇవ్వమ్మా ఫోను" అని విసుక్కునేవాళ్లు. ఆమె "ఇస్తానండీ, ఈలోపు మీ మిషన్ సంగతి చెప్పండి" అనేది. చెప్పడం పూర్తయ్యేసరికి వాళ్లకి ఫిట్టరు సంగతే గుర్తుండేది కాదు.

అన్నీ బాగానే తేలాయనుకుంటే పొరపాటే. ఒకసారి ఒకతను కొత్త వీల్ బిగించాడట, తిరిగేటప్పుడు టిక్కుటిక్కుమంటోందని చెప్పాడు. ఆమె పొయ్యి మీద కూర కలుపుతూ, "బిగింపు వదులై ఉంటుంది, ఆపి మళ్లీ బిగించండి" అనేసింది. అదృష్టం, తమ్ముడు ఆ దారినే ఉన్నాడు, ఎందుకైనా మంచిదని వెళ్లాడు. వీల్ విప్పి తట్టి చూస్తే పగిలిన కుండ చప్పుడు. లోపల బారుగా చీలిక. అది అంత వేగంతో తిరుగుతూ పగిలితే ఎదురుగా ఉన్న మనిషి మిగలడు.

తమ్ముడు తిట్టలేదు. వచ్చి ఆ వీల్‌ని ఆమె ముందు పెట్టి, "తట్టి చూడక్కా" అన్నాడంతే. ఆమె తట్టింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. అప్పటినుంచి ఎవరు ఫోను చేసినా ఆమె మొదటి మాట ఒకటే. "మిషన్ ఆపారా? వీల్‌కి ఎదురుగా ఎవరూ లేరు కదా?" కొందరు చిరాకుపడేవాళ్లు. "ఆపే ఉందమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి!" పడనిచ్చేది. కూరలు తరుగుతూ మాట్లాడటం మాత్రం మానేసింది.

విని చెప్పడం చాలదని, కళ్లతో చూడాలని కూడా అప్పుడే నిశ్చయించుకుంది. "వారంలో కొన్ని రోజులు నేను కూడా వాడితో వెళ్తాను" అని మొగుడికి చెప్పింది. ఆయన తలూపాడు.

"నేనేం చెప్పాను?" అంది.

"నువ్వు వాడితో వెళ్తావు. వంట నేను చేసుకోవాలి" అన్నాడాయన.

ఉక్కు మొన ఉన్న బూట్లు ఆమె సైజులో దుకాణంలో దొరకలేదు. మగవాళ్ల సైజులో ఒక జత కొని, ముందు గుడ్డ కుక్కుకుని తొడుక్కుంది. స్కూటరు వెనక కూర్చుని, పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని ఆమె వెళ్తుంటే వీధి వీధంతా చూసింది. కొన్నాళ్లకి చూడటం మానేసింది.

అలా తిరుగుతుండగా, ఊరి బయట రాతిపొడి చేసే పెద్ద ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. అక్కడి చిన్న గ్రైండింగ్ మిషన్ ఒకటి తమ్ముడు చూసే పని. ఆ పని మధ్యాహ్నానికే అయిపోయింది. వెళ్లబోతూ అక్క ఒక పక్కకి చూసి నిలబడిపోయింది. అక్కడ ఇల్లంత డ్రమ్ము ఒకటి అడ్డంగా పడుకోబెట్టి ఉంది. దాని లోపల ఉక్కు గుండ్లు ఉంటాయట, డ్రమ్ము తిరుగుతుంటే అవి రాళ్ల మీద పడి పొడి చేస్తాయట. ఆ రోజు దాన్ని ఆపి ఉంచారు. డ్రమ్ము పక్కన ఒక బోల్టు కింద నుంచి తెల్లటి దుమ్ము చార కిందికి దిగి ఉంది.

ఆ డ్రమ్ము మిల్లుని చూసుకునే ఇంజనీరు నడివయసు ఆవిడ. నెత్తిన హెల్మెట్టు, మెళ్లో కళ్లద్దాలు. అక్క ఆ చారనే చూస్తుండటం గమనించి దగ్గరికొచ్చింది.

"బేరింగులోంచి కారుతోందా అండీ అది?" అని అడిగింది అక్క.

"కాదు. లోపలి గోడకి ఉక్కు పలకలు తొడిగి ఉంటాయి, గుండ్లు డ్రమ్ముకి తగలకుండా. ఆ బోల్టు పలకని పట్టుకునేది. వదులైంది, సందులోంచి పొడి కారుతోంది. నిన్న శబ్దం మారితే అనుమానమొచ్చి ఆపించాను. ఇప్పుడే లోపలికి వెళ్తున్నా. మీరు చూస్తారా?"

అక్క తమ్ముడి వైపు చూసింది. అతను స్కూటరు, ట్రాఫిక్కు, చీకటి పడటం గురించి ఏదో మొదలుపెట్టాడు. ఆమె అప్పటికే హెల్మెట్టు పెట్టుకుంటోంది.

కరెంటు పెట్టె దగ్గర ఇంజనీరమ్మ తన తాళం వేసుకుంది. ఇంకో తాళం అక్క చేతికిచ్చింది. "ఇది మీ పేరు మీద. మీరే వెయ్యాలి, తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోవాలి. మీరు బయటికొచ్చి తీసేదాకా దీన్ని ఎవరూ తిప్పలేరు. నేను కూడా."

అక్క తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి పిడికిట్లో పెట్టుకుంది. కిటికీ అంత మూతి గుండా వంగి లోపలికి దిగారు. లోపల అంత నిశ్శబ్దం ఆమె ఏ షెడ్డులోనూ వినలేదు. లైటు వెలుతుర్లో కాళ్ల కింద గుండ్లు, చిన్నవీ పెద్దవీ, అరిగి అరిగి నున్నగా మెరుస్తున్నాయి. చుట్టూ గోడ అంతా పలకలు అలల్లా ఎత్తుపల్లాలుగా ఉన్నాయి. ఇంజనీరమ్మ సుత్తితో ఒక్కో పలకనీ తట్టుకుంటూ వెళ్లింది. ఒకచోట చప్పుడు బోలుగా వచ్చింది. సుద్దముక్కతో గుర్తు పెట్టింది.

"ఈ ఎత్తుపల్లాలు ఎందుకండీ? నున్నగా ఉంటే మంచిది కాదా?"

"నున్నగా ఉంటే గుండ్లు జారిపోతాయి. ఇవి వాటిని పైదాకా మోసుకెళ్తాయి, అక్కణ్ణుంచి పడేస్తాయి. ఆ దెబ్బకే రాయి నలుగుతుంది." అంటూ ఆవిడ గుండ్ల మీద కూర్చుని, చేత్తో గాలిలో గుండ్రంగా చూపించింది. "మరీ వేగంగా తిప్పామనుకోండి, గోడకే అతుక్కుని తిరుగుతాయి, పడవు. మరీ నెమ్మదైతే దొర్లుతాయి అంతే."

"అంటే ఎంత వేగమో ఎలా తెలుస్తుంది? చప్పుడు బట్టా?"

"లెక్క ఉంది. చప్పుడు కూడా చెబుతుంది. కూర్చోండి, చెబుతాను."

అక్క కూడా గుండ్ల మీద కూర్చుంది. బయటినుంచి తమ్ముడి గొంతు డ్రమ్ములో గుంయ్‌మని మోగింది. "అక్కా, ఇంకెంతసేపు?"

"నువ్వెళ్లి టీ తాగిరా" అంది ఆమె. మళ్లీ ఆవిడ వైపు తిరిగి, "ఊఁ, చెప్పండి" అంది.